కత్తెర పురుగుకీ కరెంటు బిల్లుకీ ఒకే పట్టిక: డిగ్రీ-రోజుల లెక్క కట్టే పద్ధతి

తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు వరి కోశాక దుక్కి దున్నకుండా వేసే మొక్కజొన్నలో, డిసెంబరు చలికి కత్తెర పురుగు (ఫాల్ ఆర్మీవర్మ్) గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రావడానికి సుమారు 34 రోజులు తీసుకుంటుంది. మార్చి ఎండల్లో 24, 25 రోజుల్లో ఆ పని ముగించేస్తుంది. అందుకే ‘గుడ్లు కనబడ్డ పదో రోజున మందు కొట్టండి’ అన్న సలహా డిసెంబరులో పనికొస్తుంది, మార్చిలో చెయ్యి దాటిపోతుంది. పురుగు ఎదుగుదల దాని ఒంటికి అందిన వేడిని బట్టి నడుస్తుంది. ఆ వేడిని రోజూ జమ కట్టి, ఏ దశ ఏ తేదీకి వస్తుందో ముందే చెప్పేదే డిగ్రీ-రోజుల నమూనా. ఫ్రెంచి శాస్త్రవేత్త రెయొమ్యూర్ 1735 నాటికే పంట పక్వానికి వచ్చే సమయాన్ని రోజువారీ ఉష్ణోగ్రతల మొత్తంతో ముడిపెట్టి చూశాడు. ఆ ఆలోచనే ఇప్పుడు పురుగుల నిఘాలోనూ, భవనాలకు ఎంత కరెంటు కావాలో అంచనా కట్టడంలోనూ నడుస్తోంది.

విజయవాడలో ఏసీ బిల్లు విశ్లేషించేవారికీ, గుంటూరు జిల్లాలో పురుగు కోసం కాపు కాసేవారికీ కావలసిన ముడిసరుకు ఒకటే: రోజూ కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు. తేడా అంతా ఆ రెండు అంకెల మధ్య హద్దు గీత ఎక్కడ పడుతుందన్న దానిలో ఉంది. అది గ్రహించకుండా ఒక చోట పనిచేసిన సూత్రాన్ని రెండో చోట దింపితే లెక్క తప్పుతుంది.

ముందు ఉష్ణోగ్రతలు సరిగ్గా రాయాలి

థర్మామీటరు నేల నుంచి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, నీడలో, గాలి ఆడే చోట ఉండాలి. తెల్లటి ప్లాస్టిక్ పళ్లేలను ఒకదాని కింద ఒకటి, మధ్య రెండు సెంటీమీటర్ల ఖాళీతో బోల్టులకు బిగించి, మధ్యలో లాగర్ (ఉష్ణోగ్రతను దానంతట అదే రాసుకునే చిన్న పరికరం) వేలాడదీస్తే మంచి గూడు తయారవుతుంది. సిమెంటు డాబా మీద, రేకుల షెడ్డు కింద, ఏసీ బయటి యూనిట్ దగ్గర పెట్టకండి. అక్కడ గాలి వేడికి బదులు డాబా వేడే నమోదవుతుంది. రోజుకు రెండు డిగ్రీలు ఎక్కువ పడితే నెలకు 60 డిగ్రీ-రోజులు అదనంగా జమవుతాయి. చలికాలంలో అది ఐదు రోజుల తేడా.

చాలామంది జారిపడే చోటు ఇంకొకటి ఉంది. వాతావరణ శాఖ ఉదయం పరిశీలన 8.30కి జరుగుతుంది. మీరూ ఆ వేళకే చూసి రీసెట్ చేస్తుంటే, అప్పుడు కనిపించే గరిష్ఠం నిన్న మధ్యాహ్నానిది, కనిష్ఠం ఈ తెల్లవారుజాముది. రెండింటినీ ఒకే తేదీ కింద రాస్తే ప్రతి వరుసలో రెండు వేర్వేరు రోజులు కలిసిపోతాయి. గరిష్ఠాన్ని ఒక వరుస పైకి జరిపి రాయండి.

సొంత రికార్డు లేనివారు గన్నవరం, బాపట్ల వాతావరణ కేంద్రాల రికార్డులు వాడుకోవచ్చు. నాసా పవర్ వెబ్‌సైట్‌లో 1981 నుంచి ఏ అక్షాంశ రేఖాంశానికైనా రోజువారీ గరిష్ఠ, కనిష్ఠాలు ఉచితంగా దొరుకుతాయి. కాకపోతే దాని ఒక్కో గడి అర డిగ్రీ పొడవు, 0.625 డిగ్రీ వెడల్పు, అంటే ఏ వైపు చూసినా 50 కిలోమీటర్ల పైమాటే. రేపల్లె, బాపట్ల వైపు గడిలో సముద్రం కూడా కలిసి ఉంటే మధ్యాహ్నపు వేడి తగ్గి కనిపిస్తుంది. దగ్గర్లోని కేంద్రం రికార్డుతో ఒక నెల పక్కపక్కన పెట్టి, స్థిరంగా ఉన్న తేడాను సరిచేసి వాడండి.

లెక్క

గరిష్ఠం, కనిష్ఠం కూడి రెండుతో భాగించాలి. అందులోంచి బేస్ ఉష్ణోగ్రత తీసేయాలి. మిగిలింది ఆ రోజు డిగ్రీ-రోజులు. రుణ సంఖ్య వస్తే సున్నా. బేస్ అంటే అంతకన్నా చల్లబడితే ఎదుగుదల ఆగిపోయే గీత. పత్తికి 15.5 డిగ్రీలు, మొక్కజొన్నకు 10 వాడతారు.

కత్తెర పురుగు భారతదేశంలో తొలిసారి 2018లో కర్ణాటకలో కనబడింది. దాని ఉష్ణ అవసరాలను డు ప్లెసీ బృందం దక్షిణాఫ్రికాలో కొలిచి 2020లో ప్రచురించింది. గుడ్డుకు బేస్ 13.01, కావలసిన జమ 35.68 డిగ్రీ-రోజులు. లద్దె దశకు బేస్ 12.12, జమ 204.60. ప్యూపాకు (లద్దె రెక్కల పురుగుగా మారే కదలని దశ) 13.06, 150.54. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా మొత్తంగా చూస్తే బేస్ 12.57, జమ 391.61. పొలం పనికి ఒక్క 12.57 చాలు. దశకొక బేస్ వాడినా రోజుకన్నా తక్కువ తేడాయే వస్తుంది.

డిసెంబరులో గరిష్ఠం 30, కనిష్ఠం 18 అనుకుంటే సగటు 24. బేస్ తీసేస్తే రోజుకు 11.43. దానితో 391.61ని భాగిస్తే 34 రోజులు. మార్చిలో 36, 23 అయితే సగటు 29.5, రోజుకు 16.93, మొత్తం 23 రోజులు.

ఈ రెండో అంకె కొంచెం తొందరపడుతోంది. కింద గీత ఉన్నట్టే పైనా ఒక గీత ఉంది. దాన్ని దాటిన వేడి పురుగు ఎదుగుదలను ఇంకా వేగం చేయదు. ఆ ప్రయోగంలో అత్యధిక ఉష్ణోగ్రత 32, అక్కడిదాకా వేగం వేడితో పాటు పెరుగుతూనే వచ్చింది. కాబట్టి 32 దగ్గర కోత పెట్టడం న్యాయం. 36 డిగ్రీల మధ్యాహ్నాన్ని ఉన్నది ఉన్నట్టు జమ చేస్తే పురుగు చేయని ఎదుగుదలను చేసినట్టు రాసుకున్నట్టే.

కోత పెట్టడానికి సగటు పనికిరాదు, రోజును గంటలుగా విడగొట్టాలి. ఎక్సెల్‌లో 24 గడులు తీసుకుని 0 నుంచి 23 దాకా సంఖ్యలు వేయండి. ప్రతి గడిలో సగటుకు, గరిష్ఠ కనిష్ఠాల తేడాలో సగాన్ని ‘సంఖ్య × 15 డిగ్రీల’ సైన్ విలువతో గుణించి కలపండి. వచ్చినవాటిలో 32 దాటినవాటిని 32గా, బేస్‌కన్నా తగ్గినవాటిని బేస్‌గా మార్చండి. 24 గడుల సగటు తీసి బేస్ తీసేస్తే ఆ రోజు జమ వస్తుంది. ఎక్సెల్‌లో సైన్ రేడియన్లలో పనిచేస్తుంది గనుక డిగ్రీలను ముందు రేడియన్లలోకి మార్చాలి. మార్చారో లేదో తేల్చుకోవడం తేలిక: 6వ గడిలో సరిగ్గా గరిష్ఠం, 18వ గడిలో సరిగ్గా కనిష్ఠం రావాలి. (ఇవి గడియారంలో ఆరు, పద్దెనిమిది గంటలు కావు. రోజులో ఎంత భాగం ఎంత వేడిగా ఉందో తెలిస్తే చాలు, వేళతో పనిలేదు.) ఇలా కట్టిన మార్చి రోజు 16.93 బదులు 15.95 ఇస్తుంది, తరం 24.5 రోజులవుతుంది. ఏప్రిల్‌లో 39, 26 ఉన్న రోజుకు 19.93 కాస్తా 17.6కి దిగుతుంది.

కింది గీత విషయంలో మన ప్రాంతానికి ఒక సౌలభ్యం ఉంది. కృష్ణా డెల్టాలో చలికాలపు రాత్రి 12.57 కిందికి దిగడం అరుదు. కింది గీత రోజును కోయదు కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామూలు సగటు పద్ధతి సైన్ పద్ధతికి దీటుగా పనిచేస్తుంది. 15.5 బేస్ ఉన్న పత్తికి మాత్రం జనవరిలో కొన్ని రాత్రులు గీత కిందికి పోతాయి, అప్పుడు గంటల లెక్కే వాడాలి.

ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి

అమెరికా పుస్తకాల్లో చాలా పురుగులకు జనవరి 1 నుంచి జమ మొదలుపెట్టమని ఉంటుంది. అక్కడ చలికి అన్నీ ఆగిపోయి వసంతంలో ఒకేసారి లేస్తాయి. కత్తెర పురుగుకు సుప్తావస్థ లేదు, మన దగ్గర దాన్ని ఆపే చలీ లేదు. కాబట్టి క్యాలెండర్ తేదీతో మొదలుపెడితే లెక్కకు అర్థం ఉండదు.

మొక్కజొన్న మొలవగానే ఎకరానికి 5 లింగాకర్షక బుట్టలు పెట్టండి. మగ పురుగులను వాసనతో రప్పించే ల్యూరును ప్యాకెట్ మీద రాసిన గడువుకే మార్చండి. గడువు తీరిన ల్యూరుకు పురుగులు పడకపోతే ‘పొలం శుభ్రంగా ఉంది’ అనిపిస్తుంది, ఇంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు ఈ పనిలో లేదు. బుట్టలో ఇతర జాతుల రెక్కల పురుగులూ పడతాయి, గుర్తుపట్టి లెక్కపెట్టండి. వరసగా రెండు మూడు రాత్రులు పడుతున్నాయంటే రాక మొదలైనట్టు. తల్లి పురుగు బయటికొచ్చిన మూడు నాలుగు రోజులకు గుడ్లు మొదలెడుతుంది. కాబట్టి ఆ రోజు నుంచే ఆకుల మీద బూజులాంటి పొరతో కప్పిన గుడ్ల సముదాయాల కోసం వెతకండి. ఒక్కో దానిలో 100 నుంచి 200 దాకా గుడ్లుంటాయి. మొదటి సముదాయం దొరికిన రోజే మీ సున్నా. బుట్టలో పడేవి మగవి, వాటి వయసు మనకు తెలియదు. గుడ్డు వయసులో తప్పితే ఒకటి రెండు రోజులే తప్పుతాం.

సున్నా నుంచి 36 డిగ్రీ-రోజులకు గుడ్లు పగులుతాయి. లద్దె పురుగు ఆరు దశల్లో మొదటి మూడు, అంటే అది చిన్నగా ఉండి మందుకు తేలిగ్గా లొంగే కాలం, లద్దె కాలంలో సగానికి కొంచెం తక్కువ. ఆ లెక్కన 130 దగ్గర మందు పనిచేసే గడువు ముగుస్తుంది. తర్వాత పురుగు సుడిలో (మొక్క నడుమ లేత ఆకుల చుట్టలో) లోపలికి దూరి, తన విసర్జితంతోనే పైన బిరడా వేసుకుంటుంది. మందు పైనే ఉండిపోతుంది.

గుడ్లన్నీ ఒకే రాత్రి పెట్టవు గనుక 40 దగ్గరే కొడితే వెనక వచ్చే పిల్లలు తప్పించుకుంటాయి. 90 నుంచి 110 మధ్య కొట్టడం మంచిదని మా అభిప్రాయం. డిసెంబరులో అది ఎనిమిదో రోజు నుంచి పదో రోజు దాకా, మార్చిలో ఆరో రోజు, ఏడో రోజు. తేదీ దగ్గర పడ్డప్పుడు పొలంలో ఐదు చోట్ల 20 మొక్కల చొప్పున 100 మొక్కలు చూడండి. పదింటికన్నా తక్కువ మొక్కల్లో తాజా గాట్లుంటే ఆగి, రెండు రోజుల తర్వాత మళ్లీ చూడండి. గుడ్ల దశలో వేప మందు 1500 పీపీఎం లీటరుకు 5 మి.లీ., లద్దె మొదటి దశల్లో ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ లీటరుకు 0.4 గ్రాములు వాడుకలో ఉన్న మోతాదులు. నాజిల్ సుడిలోకి వంచి, సాయంత్రం పూట కొట్టాలి.

రెండో తరం దాకా ఈ లెక్కను సాగదీయకండి. 392 దాటాక మొదట వచ్చినవాటి సంతానమూ, పక్క పొలాల నుంచి వచ్చినవీ కలిసిపోతాయి. అప్పుడు నమూనా కన్నా బుట్టలూ కళ్లూ నమ్మదగ్గవి. ఇదే కారణంతో, 2021లో మిర్చిని కుదిపేసిన నల్ల తామర పురుగుకు డిగ్రీ-రోజులు కట్టి లాభం లేదు. తరాలు చిన్నవి, ఒకదానిమీద ఒకటి ఎక్కేసి ఏ రోజు చూసినా అన్ని దశలూ ఉంటాయి. అక్కడ నీలి రంగు జిగురు అట్టలే దారి.

మీ పురుగుకు అంకెలు లేకపోతే

కనీసం నాలుగు ఉష్ణోగ్రతల్లో, ఉదాహరణకు 18, 22, 26, 30లో ఇంక్యుబేటర్లు పెట్టి పెంచాలి. ఒక్కో ఉష్ణోగ్రతకు 50 గుడ్లకు తగ్గకూడదు. కత్తెర పురుగు లద్దెలు ఒకదాన్నొకటి తింటాయి కాబట్టి దేని గిన్నె దానికే. రోజుకు రెండుసార్లు చూడాలి. ఒకసారే చూస్తే మూడు రోజుల గుడ్డు దశలో ఆ ఒక్క రోజు తప్పే మూడో వంతు. ఇంక్యుబేటరు తలుపు మీద కనిపించే అంకెను నమ్మకుండా గిన్నె పక్కన వేరే లాగర్ పెట్టండి.

పట్టిన రోజులను తిరగేయండి: 1ని రోజులతో భాగిస్తే వేగం. ఉష్ణోగ్రతకు ఎదురుగా వేగాన్ని చుక్కలు పెట్టి సరళరేఖ గీస్తే, అది పటం అడుగున వేగం సున్నాగా ఉండే ఉష్ణోగ్రత గీతను తాకిన చోటు బేస్, వాలును తిరగేస్తే కావలసిన జమ. పైన చెప్పిన ప్రయోగంలో 18 డిగ్రీల వద్ద 71.44 రోజులు, 32 వద్ద 20.27 రోజులు పట్టాయి. ఈ రెంటితోనే చూడండి. వేగాలు 0.0140, 0.0493. తేడాను 14 డిగ్రీలతో భాగిస్తే వాలు 0.002524. తిరగేస్తే జమ 396. బేస్ 12.45. ఆ ప్రయోగం తేల్చిన 391.61, 12.57లకు ఎంత దగ్గరో చూశారు కదా. పై కొసన గీత వంగడం మొదలైన చుక్కలను రేఖలో కలపకూడదు. కలిపితే వాలు తగ్గి, బేస్ ఉండాల్సినదానికన్నా కిందికి జారుతుంది.

అదే పట్టిక కరెంటుకు

భవనానికి బేస్ అంటే ఏసీ అవసరం మొదలయ్యే బయటి ఉష్ణోగ్రత. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో గది ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలన్న నిబంధన ఉంది. కానీ సెట్ చేసిన అంకె, బేస్ ఒకటి కావు. మనుషులు, ఫ్రిజ్, టీవీ, డాబా మీది ఎండ లోపలి గదిని వేడి చేస్తూనే ఉంటాయి గనుక బేస్ సాధారణంగా సెట్టింగ్‌కన్నా తక్కువ ఉంటుంది. పుస్తకంలో చూసి ఎంచుకోకుండా మీ బిల్లుల నుంచే రాబట్టండి.

పన్నెండు నెలల బిల్లులు తీయండి, అందులో జనవరీ మే రెండూ ఉండాలి. బిల్లు నెల ఒకటో తేదీన మొదలవదు. రీడింగ్ తీసిన తేదీ నుంచి తేదీకి లెక్కపెట్టి, యూనిట్లను రోజులతో భాగించండి. అవే తేదీల మధ్య డిగ్రీ-రోజులనూ రోజులతో భాగించండి. చుక్కలు పెట్టి రేఖ గీస్తే, రేఖ మొదలైన ఎత్తు ఎండతో పనిలేని వాడకం, వాలు ఒక్కో డిగ్రీ-రోజుకు పడే యూనిట్లు. బేస్‌ను 20 నుంచి 28 దాకా ఒక్కో డిగ్రీ మార్చి చూసి, చుక్కలు రేఖకు బాగా అతుక్కున్నదాన్ని ఎంచుకోండి. పన్నెండు చుక్కలతో పక్కపక్క బేస్‌ల మధ్య పెద్ద తేడా రాదు, దశాంశాల కోసం తాపత్రయపడొద్దు.

పురుగు లెక్కలో పనికొచ్చిన మామూలు సగటు ఇక్కడ దెబ్బతీస్తుంది. బేస్ 25 అనుకుంటే, జనవరిలో 30, 19 ఉన్న రోజు సగటు 24.5, జమ సున్నా. కానీ మధ్యాహ్నం ఏసీ నడిచింది. గంటల లెక్క వేస్తే ఆ రోజుకు 1.5, నెలకు 46 పైన వస్తుంది. గీత రోజు మధ్యలోంచి పోతోంది కాబట్టి ఈ తేడా. భవనాలకు ఎప్పుడూ గంటల పద్ధతే వాడండి. ఏసీ పడగ్గదిలో రాత్రిపూట మాత్రమే వేసే ఇళ్లకైతే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గంటలే జమ చేయాలి. దానికి లాగర్ నుంచి అసలు గంటల రీడింగులు కావాలి, సైన్ గడులు చాలవు.

దీని ఉపయోగం ఎక్కడంటే: రేఖ ఎత్తు రోజుకు 6 యూనిట్లు, వాలు 1.5 వచ్చిందనుకుందాం. మే నెలలో రోజుకు 9 డిగ్రీ-రోజులు పడితే 19.5 యూనిట్లు, 31 రోజులకు 605. డాబాకు తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేసిన ఏడాది అంతే ఎండకు 520 వస్తే ఆదా 85 యూనిట్లు. నిరుటి మే బిల్లుతో నేరుగా పోల్చితే, నిరుడు ఎండ తక్కువగా ఉంటే పెయింటు పనిచేయలేదని పొరబడతాం.

జూలై నుంచి సెప్టెంబరు చుక్కలు గుంపుగా రేఖకు పైన కనిపిస్తాయి. ఎండ తగ్గినా ఉక్కపోత ఉంటుంది, గాలిలోని తేమను నీరు చేయడానికి ఏసీ కరెంటు తింటుంది. పొడి ఉష్ణోగ్రతతో కట్టిన జమకు తేమ కనబడదు. తడి బల్బు ఉష్ణోగ్రతను (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) మరో వరుసగా చేర్చండి, లేదంటే ఆ మూడు నెలలకు వేరే రేఖ గీయండి.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు కథ వేరు. లోపల ఏడాది పొడుగునా బయటికన్నా చల్లగా ఉంచాలి కాబట్టి ఏ రోజునూ గీత కోయదు, మామూలు సగటు ఉష్ణోగ్రతే చాలు. చిక్కల్లా టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో. మార్చి, ఏప్రిల్‌లలో ఎండా సరుకు రాకా కలిసి పెరుగుతాయి. వెచ్చటి టిక్కీలు లోపలికి తెచ్చే వేడి, పదే పదే తెరిచే తలుపులు, అన్నీ ఎండ ఖాతాలో పడి వాలు ఉబ్బుతుంది. కొత్త సరుకు లోపలికి రాని అక్టోబరు నుంచి డిసెంబరు రోజులతో ముందు ఎండ వాలు తేల్చండి. దాన్ని స్థిరంగా ఉంచి, ఎక్కింపు నెలల్లో మిగిలిన యూనిట్లను ఆ రోజు లోపలికి వెళ్లిన టిక్కీల సంఖ్యతో ముడిపెట్టండి. మీటరు రీడింగ్ రోజూ ఒకే వేళకు రాయాలి, నెల బిల్లుతో ఈ పని జరగదు.

రాష్ట్రం మొత్తం కరెంటు గిరాకీ మీద పనిచేసే విద్యార్థులకు ఒక్క మాట. వ్యవసాయానికి పగటిపూట ఇచ్చే 9 గంటల సరఫరా ఫీడరుకు (ఊళ్లకు కరెంటు పంచే లైనుకు) పెట్టిన వేళలను బట్టి నడుస్తుంది, ఎండను బట్టి కాదు. దాన్ని తీసేయకుండా డిగ్రీ-రోజులతో రేఖ గీస్తే, నాట్ల కాలం ఉక్కపోతలా కనిపిస్తుంది. కాంక్రీటు నిన్నటి వేడిని ఇవాళ్టి రాత్రికి మోసుకొస్తుంది కాబట్టి నిన్నటి జమను కూడా ఒక వరుసగా పెట్టండి.

తప్పితే ఎక్కడ వెతకాలి

నమూనా చెప్పిన తేదీ, నిజంగా జరిగిన తేదీ పక్కపక్కన రాస్తూ పోండి. నమూనా కట్టడానికి వాడిన సీజనును పరీక్షకు వాడకూడదు. తేడా ఏ రుతువులోనైనా ఒకే దిక్కున, దాదాపు ఒకే డిగ్రీ-రోజులుగా వస్తుంటే సున్నా పెట్టిన రోజు తప్పు, గుడ్లు ముందే ఉన్నాయి, మీకు ఆలస్యంగా కనబడ్డాయి. చలికాలంలో సరిపోయి మార్చిలో నమూనా తొందరపడుతుంటే పై కోత పెట్టలేదు, లేదా చాలా ఎత్తున పెట్టారు. మార్చిలో సరిపోయి డిసెంబరులో తప్పుతుంటే బేస్ చూడండి. గీతకు దగ్గరగా ఉన్న రోజుల్లోనే బేస్ తప్పు పెద్దదిగా కనిపిస్తుంది. ఏ కాలంలోనైనా ముందే చెబుతుంటే థర్మామీటరు ఎండ తగిలే చోట ఉందేమో చూసి, ఆ తర్వాతే జమ అంకెను ముట్టుకోండి.